ఆచార్య హోమీ జహంగీర్ భాభాగారి జీవితము

మన సంఘముల వార్షిక సంచికలయందు మహాపురుషుల జీవితములను ప్రకటించుట చిరకాలముగా వచ్చుచున్న సదాచారము. అట్టి జీవితములు మన కులమునందలి పెద్దలవియే యై యుండవలెనని కొందఱు తలచెదరు. విద్యకు కులము లేదు గావున, ఎచట బుట్టిన మహనీయుని చరిత్రమైనను మన పిల్లలకు దారిచూపునదే యని మఱికొందఱు తలచెదరు. మేము రెండవ పక్షమువారము. కావుననే ఈ పర్యాయము పారసీక కుటుంబమున జన్మించి, భారతదేశమున గొప్ప శాస్త్రపరిశోధన సంస్థలను నెలకొల్పిన ఆచార్య హోమీ జహంగీర్ భాభాగారి జీవితమును సభ్యమహాశయులకును, పోషకమహాశయులకును సవినయముగా సమర్పించుచున్నాము.

కోహీరు, జహీరాబాదు ప్రాంతములవారికి ఈ చరిత్రముతో నేమి సంబంధమని యెవరైన నడుగవచ్చును. సంబంధము కలదు. కోహీరు ఎఱ్ఱనేలలకును, జామతోటలకును పేరుపొందినది. చలికాలమున తెలంగాణములో మిక్కిలి తక్కువ వేడిమి నమోదగు స్థలములలో దాని పేరు తఱచు వినవచ్చును. ఆ తోటలలో నిలువబడి అరచేయి చాచినచో, ఇంచుమించు సెకనున కొకటి చొప్పున కంటికి గానరాని విద్యుత్కణము లా చేతిగుండ దూసికొనిపోవుచుండును. రాత్రియనక పగలనక, పూరియిల్లనక మేడయనక, అవి యెడతెగక పడుచునే యుండును. వాని పుట్టుక యెట్టిదో తెలిసికొనుటకై తమ యౌవనము నంతయు ధారవోసినవారిలో భాభాగా రొకరు.

ఆ పుట్టుకను ముందుగా నాలుగు మాటలలో చెప్పుదుము. అంతరిక్షమునుండి భూమిపైకి నిరంతరము వచ్చి పడుచున్న కణములను విశ్వకిరణము లందురు. అందు నూటికి దాదాపు 90 పాళ్లు ప్రోటానులే. ప్రోటాను హైడ్రొజను పరమాణువుయొక్క కేంద్రకము, ధనవిద్యుత్తు గలది. మహావేగమున వచ్చు ప్రోటాను నేలకు 15 మొదలు 20 కిలోమీటర్ల యెత్తున, గాలియందలి నత్రజని, ఆమ్లజనుల కేంద్రకములలో నొకదానిని ఢీకొట్టును. ఆ సంఘట్టనమునందు వేగశక్తి కొంత ద్రవ్యముగా మారి, అంతకుముందు లేని క్రొత్తకణములు పుట్టును. విత్తనము లేనిచోట మొలక లెత్తినట్లు తోచు ఈ వింత నిజముగా జరుగుచున్నది. అట్లు పుట్టినవానిలో విద్యుత్తు గలవి యెన్ని, ఎందువలన నన్ని, అనునదే మేము చెప్పబోవు చరిత్రమునందలి ముఖ్యప్రశ్న.

మఱియొక విశేషము గలదు. భూమి పెద్ద అయస్కాంతమువంటిది. తక్కువ శక్తితో వచ్చు ప్రోటానులను అది ప్రక్కకు త్రోసివేయును. ధ్రువములవద్ద ఈ యడ్డు తక్కువ, భూమధ్యప్రాంతమున నెక్కువ. హైదరాబాదునకు నిట్టనిలువుగా దిగివచ్చుటకు ప్రోటానునకు సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి యుండవలెను. కోహీరు హైదరాబాదున కించుమించు అదే అక్షాంశమున నున్నది. అనగా మన తెలుగుదేశపు ఆకాశము సన్ననివానిని ఆపి, బలమైనవానిని మాత్రమే వదలు జల్లెడవంటిది. విదేశములయందలి శాస్త్రజ్ఞులకు లేని ఈ సౌకర్యము మన యింటిముంగిట నున్నదని గుర్తించినవారిలో భాభాగారు మొదటి శ్రేణిలోనివారు.

జననము, విద్యాభ్యాసము

భాభాగారు 1909 వ సంవత్సరము అక్టోబరు 30 వ తేదీన బొంబాయి నగరమున జన్మించిరి. తండ్రి జహంగీర్ హోర్మస్‌జీ భాభాగారు న్యాయశాస్త్రవేత్త. తల్లి మెహర్‌బాయిగారు. తాతగారైన హోర్మస్‌జీ భాభాగారు మైసూరు సంస్థానమున విద్యాశాఖకు ప్రధానాధికారిగా నుండిరి. మేనత్తగారు సర్ దోరాబ్జీ టాటాగారి ధర్మపత్ని. ఇట్లు విద్యయు సంపదయు రెండును ఆ యింట గూడియుండెను. ఇంట మంచి గ్రంథాలయ ముండెను. పాశ్చాత్యసంగీతపు గ్రామఫోను పలకలు విస్తారముగా నుండెను. బాలుడు చిత్రలేఖనమును, సంగీతమును, గణితమును సమానమైన ఆసక్తితో నభ్యసించెను.

కెథీడ్రల్ పాఠశాలలోను, ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలోను, రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులోను చదువు ముగించుకొని, 1927 వ సంవత్సరమున భాభాగారు ఇంగ్లండు దేశమునకేగి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరిరి. ఆయన యంత్రశాస్త్రము చదివి, జంషెడ్‌పురమునందలి టాటా ఇనుము ఉక్కు కర్మాగారమున కుదురుకొనవలెనని పెద్దల కోరిక. కుమారుని మనస్సు భౌతికశాస్త్రముపై లగ్నమైయుండెను. ఇట్టి సందర్భమున మన యిండ్లలో నేమి జరుగునో చదువరు లెఱుగుదురు. ఒకచో తండ్రి మాటయే నెగ్గును, ఒకచో కొడు కిల్లు విడిచిపోవును. అచట నా రెండును జరుగలేదు. యంత్రశాస్త్రమున ప్రథమశ్రేణిలో నుత్తీర్ణుడైనచో పిమ్మట గణితము చదువుటకు ధనము పంపుదునని తండ్రి యొడంబడెను. కుమారుడు 1930 వ సంవత్సరమున ప్రథమశ్రేణిలో నుత్తీర్ణుడయ్యెను. తండ్రి తన మాట నిలుపుకొనెను. తండ్రికొడుకులిద్దఱును మాట నిలుపుకొన్నందున దేశమునకు గొప్ప శాస్త్రజ్ఞుడు లభించెను.

విశ్వకిరణ పరిశోధనము

భాభాగారు పరిశోధనారంగమున బ్రవేశించునాటికి విశ్వకిరణము లొక పెద్ద సమస్యగా నుండెను. 1912 వ సంవత్సరమున ఆస్ట్రియా దేశీయుడైన విక్టర్ హెస్ అను శాస్త్రజ్ఞుడు బెలూను నెక్కి అయిదు కిలోమీటర్లకు పైగా ఎగిరి, ఎత్తు హెచ్చినకొలది ఈ కిరణముల తీవ్రతయు హెచ్చుచున్నదని కనిపెట్టెను. కావున నవి నేలనుండి గాక పైనుండియే వచ్చుచున్నవని తేలెను. భాభాగారి మొదటి వ్యాసము 1933 వ సంవత్సరమున వెలువడెను; అది విశ్వకిరణములు పదార్థమునందు హరించిపోవు విధమును గూర్చినది. 1935 లో వారు ఎలక్ట్రానును, దాని ప్రతిరూపమైన పాజిట్రానును ఒండొంటిని తాకి చెదరు రీతిని లెక్కించిరి. నేటికిని ప్రపంచమునందలి పెద్ద ప్రయోగశాలలు తమ యంత్రముల కొలతలను సరిచూచుకొనుటకు ఆ లెక్కనే వాడుకొనుచున్నవి. దానికి భాభా చెదరింపు అనియే పేరు.

1937 వ సంవత్సరమున హైట్లరు అను శాస్త్రజ్ఞునితో గూడి వారు ప్రకటించిన సిద్ధాంతము వారి పేరు ప్రపంచమంతట వ్యాపింపజేసెను. మహాశక్తిగల ఎలక్ట్రాను కేంద్రకము ప్రక్కగా బోవునపుడు ఒక కాంతికణము వెలువడును. ఆ కాంతికణము మఱియొక కేంద్రకము చెంత ఒక ఎలక్ట్రానుగను ఒక పాజిట్రానుగను మారును. ఆ రెండును మరల కాంతికణములను వెలువరించును. ఇట్లు ఒకటి రెండై, రెండు నాలుగై, శక్తి చాలినంతవఱకు పెరిగి, పిమ్మట తగ్గిపోవును. ఒక్క గింజనుండి కంకియు, కంకినుండి కుప్పయు నైనట్లు ఒక్క కణమునుండి వేలకొలది కణముల జల్లు ఎట్లు పుట్టుచున్నదో దీనివలన తెలియవచ్చెను.

అయినను ఈ సిద్ధాంతమునకు లొంగని కణములు కొన్ని మిగిలెను. అవి జల్లుగా మారక, సీసపు దిమ్మెలనుగూడ చీల్చికొని పోవుచుండెను. ఎలక్ట్రానుకంటె బరువై, ప్రోటానుకంటె తేలికయైన కణ మొకటి యుండవలెనని అంతట నిశ్చయమయ్యెను. దానికి మేసాను అను పేరు తగునని వాదించి నిలిపినవారిలో భాభాగారొకరు. నేలవఱకు వచ్చు ఆ కణమునకు నేడు మ్యూయాను అని పేరు. దాని యాయుర్దాయము సెకనును పదిలక్షల భాగములు చేసినచో నందు ఇంచుమించు రెండు భాగములు మాత్రమే. అంత స్వల్పకాలమున అది వెలుగుతో సమానమైన వేగమున బోయినను ఏడువందల మీటర్లయిన దాటజాలదు. మఱి పదునైదు కిలోమీటర్ల పైని బుట్టి కోహీరు తోటలకెట్లు చేరుచున్నది? మహావేగమున బోవుదానికి కాలము మెల్లగా నడచునని ఐన్‌స్టయినుగారు చెప్పిన సిద్ధాంతమే దీనికి సమాధానము. అస్థిరమైన ఈ కణముల యాయువు వేగమువలన దీర్ఘమై కనబడవలెనని 1938 వ సంవత్సరముననే భాభాగారు సూచించిరి. తరువాతి ప్రయోగములు దానిని నిజమని రుజువు చేసినవి.

స్వదేశమున నిలిచిపోవుట

1939 వ సంవత్సరమున భాభాగారు సెలవులకై స్వదేశమునకు వచ్చియుండగా ఐరోపాలో మహాయుద్ధ మారంభమయ్యెను. తిరుగుప్రయాణము నిలిచిపోయెను. బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థలో సర్ చంద్రశేఖర వేంకటరామన్‌గారు భౌతికశాస్త్రశాఖకు పెద్దగా నుండిరి. భాభాగా రచట ఉపాధ్యాయ పదవియందు బ్రవేశించి, టాటా ట్రస్టు సహాయముతో విశ్వకిరణ పరిశోధనశాఖ నొకదానిని నెలకొల్పిరి. 1941 లో లండను రాయల్ సొసైటీ వారిని సభ్యునిగా గైకొనెను; అప్పటికి వారి వయస్సు 31 సంవత్సరములు. 1942 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆడమ్స్ బహుమతి నొసగెను.

బెంగుళూరున వారు సిద్ధాంతములతోనే తృప్తి నొందలేదు. స్వయముగా గైగర్ గొట్టములను కూర్పించి, యుద్ధకాలపు విమానములలో నెక్కించి, మేఘమండలమునకు పైని మేసానుల సంఖ్యను కొలిపించిరి. భూమియొక్క అయస్కాంత మధ్యరేఖకు చేరువగానున్న దక్షిణదేశమున కొలిచిన కొలతలను ఉత్తరదేశములవారి కొలతలతో బోల్చినచో, ఏ శక్తిగల ప్రోటానులు ఎన్ని మేసానులను పుట్టించుచున్నవో ఊహింపవచ్చునని వారి యాలోచన.

యుద్ధము ముగిసినపిమ్మట విదేశముల పెద్ద విశ్వవిద్యాలయములలో వారికి స్థానము సులభముగా లభించియుండును. అయినను ఈ దేశముననే యుండి, ఇచటి యువకులకే పరదేశములకు బోనక్కఱలేని విద్యాలయమును కట్టవలెనని వారు నిశ్చయించుకొనిరి. 1944 వ సంవత్సరము మార్చి 12 వ తేదీన సర్ దోరాబ్జీ టాటా ట్రస్టుయొక్క అధ్యక్షులైన సర్ సొరాబ్ సక్లత్‌వాలాగారికి ఒక లేఖ వ్రాసిరి. మౌలికశాస్త్రమునకై ప్రత్యేకమైన పరిశోధన సంస్థ యొకటి యవసరమనియు, కొన్నియేండ్లకు అణుశక్తిని వినియోగించు కాలము వచ్చినపుడు మనకు కావలసిన నిపుణు లీ దేశముననే సిద్ధముగా నుందురనియు అందలి సారాంశము. అణ్వస్త్రము జపానుపై బడుటకు ఏడాదికి పైగా ముందే ఈ లేఖ వ్రాయబడెనని చదువరులు గమనింతురు గాక.

పోషకమహాశయు లీ ఘట్టమునందు కొంచెము నిలిచి యాలోచింపవలెనని మా విన్నపము. ఆ ధర్మనిధివారియెదుట ఆనాడున్నది ఒక యువకుని లేఖ మాత్రమే. కట్టడము లేదు, లాభము లేదు, ఫలమెప్పుడు వచ్చునో చెప్పగలవారు లేరు. ఆస్పత్రియు సత్రమును కంటికి గనబడును. ప్రోటాను కంటికి గానరాదు. అయినను వారు ధన మొసగిరి. 1945 వ సంవత్సరము జూను 1 వ తేదీన టాటా మౌలిక పరిశోధన సంస్థ బెంగుళూరున నారంభమై, ఆ సంవత్సరాంతమున బొంబాయికి మారి, పెద్దరు రోడ్డునందలి కెనిల్‌వర్త్ అను భవనములో కొంతభాగమున పని సాగించెను. బొంబాయి ప్రభుత్వమును, పిమ్మట భారతప్రభుత్వమును తోడయ్యెను. 1962 వ సంవత్సరమున కొలాబా సముద్రతీరమునందలి సొంత భవనమునకు ప్రారంభోత్సవము జరిగెను.

ఒక్క దెబ్బకు ఎన్ని కణములు?

ఇక ముఖ్యప్రశ్నకు వత్తుము. 1947 వ సంవత్సరమున పవెల్, ఒక్యాలీని, లాటెస్ మొదలగు శాస్త్రజ్ఞులు ఛాయాచిత్రపు ఎమల్షను పలకలను పర్వతశిఖరములపై నుంచి పయాను అను కణమును కనుగొనిరి. కేంద్రకములు ఢీకొనినపుడు ముఖ్యముగా బుట్టునది యీ పయానే. విద్యుత్తుగల పయాను సెకనులో కోటవభాగమునందు ఇంచుమించు నాలుగవ వంతు కాలము మాత్రమే బ్రతికి మ్యూయానుగా మారును. అదియే మన చేతిగుండ బోవునది. విద్యుత్తులేని పయాను రెండు కాంతికణములుగా మారి, భాభా హైట్లరుల జల్లును ప్రారంభించును. ఇట్లు ఆకాశమునందలి రెండు వింతలకును మూలమొక్కటే యని తేలెను.

అంతట శాస్త్రజ్ఞులలో వాద మొకటి పుట్టెను. ప్రోటాను కేంద్రకమును గొట్టినపుడు పెక్కు పయానులు ఒక్క దెబ్బకే పుట్టునా? లేక కేంద్రకమునందలి ఒక్కొక్క కణమును తగులుచు బోవునపుడు ఒక్కొక్కటిగా బుట్టునా? హైజెన్‌బర్గుగారు మొదటి పక్షమున, హైట్లరుగారు రెండవ పక్షమున నుండిరి. 1950 వ సంవత్సరమున ఫెర్మీగారు మొదటి పక్షమునకు అనుకూలమైన గణన మొకటి ప్రకటించిరి. 1953 వ సంవత్సరమున భాభాగారు రాయల్ సొసైటీ పత్రికయందు ఈ విషయమున నొక వ్యాసము వ్రాసిరి. ప్రోటానును గోలివలె గట్టి ముద్దగా దలపక, దాని చుట్టు వ్యాపించిన క్షేత్రమునందు శక్తి ఎచట నెంత యిమిడియున్నదో విచారించి, ఆ లెక్కనుబట్టి మేసానుల పుట్టుకను వివరింప యత్నించిరి. అప్పటికి వారు ప్రభుత్వకార్యములలో తలమునుకలై యుండిరి. అయినను ఈ ప్రశ్న వారిని విడువలేదు.

వారి సంస్థయందలి యువకులు ప్రయోగమార్గమున నడచిరి. ఎమల్షను పలకలను దొంతరలుగా గూర్చి, బెలూనులకు గట్టి, గాలిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు క్రిందబడునంత యెత్తునకు బంపిరి. పలకలను కడిగి సూక్ష్మదర్శినితో చూచినచో, ఢీకొట్టినచోట నక్షత్రాకారమున గీతలు కనబడును. నల్లని గీతలు దెబ్బకు వేడెక్కిన కేంద్రకమునుండి ఆవిరివలె వెడలిన మందకణములవి. బూడిదవన్నె గీతలు దెబ్బతగిలి బయటికి దొరలిన ప్రోటానులవి. సన్నని గీతలు క్రొత్తగా బుట్టిన శీఘ్రకణములవి. ఆ గీతలను లెక్కించుట కండ్లు కాయలుకాచు పని. వేలకొలది నక్షత్రములను ఒక్కొక్కటిగా వెదకి, కొలిచి, వ్రాసికొనవలెను. ఈ పనిలో స్త్రీలును పురుషులును పెక్కుమంది యేండ్లతరబడి శ్రమించిరి. వారి పేరులు గ్రంథములకెక్కలేదు.

ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము భాభాగారి యనంతరమే లభించినది. 1972 వ సంవత్సరమునుండి అమెరికా దేశమున షికాగో నగరసమీపమునందలి ఫెర్మీ ప్రయోగశాలలో 20,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటానులు లభించెను. అట్టి ప్రోటాను మఱియొక ప్రోటానును ఢీకొట్టినచో సగటున సుమారు 8 విద్యుత్కణములు వెడలుచున్నవి. ఎమల్షనునందలి కేంద్రకము నడుమగా బోవునపుడు అది సగటున రెండున్నర దెబ్బలు తినును. కావున ఇరువదియో, అంతకు మిక్కిలియో పుట్టవలెనని తోచును. పుట్టిన పిల్లలు మరల లోపలనే ఢీకొట్టినచో నింకను పెరుగవలెను. కాని కనబడిన శీఘ్రకణములు సుమారు 13 మాత్రమే. కారణ మేమన, మహావేగమున బోవు కణము పుట్టిన వెంటనే పూర్ణరూపమును దాల్పజాలదు. దానికి కొంత వ్యవధి కావలెను. ఆ వ్యవధి ముగియునప్పటికి అది కేంద్రకమును దాటి పోయియుండును. కావున లోపల గుణకారము జరుగుటలేదు. దెబ్బతిన్న కణముల సంఖ్యనుబట్టియే ఫలసంఖ్య యుండునని 1976 లో పోలెండు శాస్త్రజ్ఞులు సూత్రీకరించిరి. ఒక్క దెబ్బకే పెక్కు పుట్టుననుట నిజము. పలుదెబ్బల ప్రభావమును కొంత కలదనుటయు నిజము.

2012, 2013 సంవత్సరములలో ఐరోపాయందలి సెర్న్ సంస్థవారు ప్రోటానులను సీసపు కేంద్రకములతో ఢీకొట్టించిరి. ప్రోటాను ఒకటియు, కేంద్రకమునందలి కణ మొకటియు జతగా దలచినచో, ఆ జతకు సంఘట్టనశక్తి 5 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడినది. నడిమి దిక్కున, కోణమునకు శాస్త్రజ్ఞులు వాడు కొలమానమున ఒక్కొక్క భాగమునకు, సుమారు 17 విద్యుత్కణములు కనబడెను. ఆ ప్రయోగమును నడపిన శాస్త్రజ్ఞులలో భారతదేశమువారును ఉండిరి. కొలతలను తీసికొను పరికరములలో కొన్ని భారతదేశమునుండి పోయినవే.

తెలుగుదేశముతో సంబంధము

భాభాగారి కార్యమునకు మన ప్రాంతముతో నున్న సంబంధము మఱవదగినది కాదు. బెలూను ప్రయోగములకు గాలులు నెమ్మదిగా నుండి, నేల విశాలమై, అయస్కాంత మధ్యరేఖ దగ్గఱగా నుండవలెను. ఈ మూడును హైదరాబాదునకు గలవు. వారి సంస్థవారు 1969 వ సంవత్సరమున హైదరాబాదున శాశ్వతమైన బెలూను కేంద్రమును నెలకొల్పిరి. అచటినుండి ఎగిరిన పరికరములు గాలివాలును బట్టి పరిసర జిల్లాలలో గొడుగువంటి పారాచూట్లతో దిగును. దిగినదానిని తాకక, ముట్టక, అధికారులకు దెలుపవలెనని గ్రామస్థులకు ప్రకటన లిచ్చుట వాడుక. ఆకాశమునుండి దిగిన పెట్టెను విప్పినచో ఏండ్ల శ్రమ వృథాయగునని మన పిల్లలకు ముందే నేర్పియుంచుట మంచిది.

కోలారు బంగారుగనులలో తెలుగు కార్మికు లనేకులు పనిచేసిరి. ఆ గనుల లోతులలోనే భాభాగారి శిష్యులు మ్యూయానులను కొలిచిరి. 1965 వ సంవత్సరమున అచటనే, గాలియందు ప్రోటాను సంఘట్టనములవలన బుట్టిన న్యూట్రినోల జాడ కనుగొనబడెను. పశ్చిమగోదావరి మండలమున మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు భాభాగారి యొద్ద పనిచేసి, 1967 వ సంవత్సరమున హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనునకు నాయకులైరి. ఎందఱో తెలుగు కుటుంబములకు ఆ సంస్థ అన్నము పెట్టినది. కణములను లెక్కించుటకై నేర్చిన విద్యయే ఆ పరిశ్రమకు బీజములలో నొకటి.

అణుశక్తి, తుదిదినములు

1948 వ సంవత్సరము ఆగస్టున భారతప్రభుత్వము అణుశక్తి సంఘమును నియమించి భాభాగారిని అధ్యక్షునిగా జేసెను. 1955 లో జెనీవా నగరమున జరిగిన అణుశక్తి మహాసభకు వారు అధ్యక్షత వహించిరి. 1956 వ సంవత్సరము ఆగస్టు 4 వ తేదీన ట్రాంబేయందు అప్సర అను అణురియాక్టరు పనిచేయ నారంభించెను. ఆసియాఖండమున రష్యాదేశము గాక మఱెచటను అంతకుముందు అట్టిది లేదు.

మహాపురుషుల చరిత్రమును వ్రాయువారు గుణములనే వ్రాసి లోపములను దాచుట మాకు సమ్మతము కాదు. హైడ్రొజను కేంద్రకముల కలయికవలన వచ్చు శక్తిని ఇరువదియేండ్లలో మానవుడు వశపఱచుకొనునని వారు జెనీవాలో చెప్పిరి. డెబ్బదియేండ్లు గడచినను అది గృహములకు వెలుగు నిచ్చుటలేదు. పరిశోధన యంతయు ప్రత్యేకసంస్థలకు బోయినచో విశ్వవిద్యాలయములు క్షీణించునని ఆచార్య మేఘనాథ సాహాగారు ఆనాడే ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ నిరాధారము కాదు. పట్టణమునందలి పెద్దసంస్థలు వెలుగొందుచుండగా, జిల్లాలయందలి కళాశాలలలో ప్రయోగశాలలు తాళములు వేయబడి యుండుట మన మెఱుగుదుము. భాభాగారు మేడ కట్టిరి. దానికి మెట్లు కట్టు పని మిగిలియున్నది.

స్వభావమున వారు కళాభిమానులు. చిత్రములు వ్రాసెడివారు, సంస్థ గోడలను భారతీయ చిత్రకారుల పటములతో నలంకరించిరి. కట్టడమునకు చెట్టు అడ్డువచ్చినచో కొట్టింపక, వేళ్లతో పెకలించి వేఱొకచోట నాటించెడివారు. వివాహము చేసికొనలేదు. మంచివారు దొరకిన పిమ్మటనే వారికొఱకు విభాగము నేర్పఱచుట వారి పద్ధతి. పదవి ముందు సృష్టించి పిమ్మట మనుష్యుని వెదకుట వారికి సరిపడదు. మన సంఘములకును ఈ పద్ధతి యనుసరణీయము.

1966 వ సంవత్సరము జనవరి 24 వ తేదీన, వియన్నా నగరమున జరుగనున్న సమావేశమునకై పోవుచుండగా, వారెక్కిన విమానము ఆల్ప్స్ పర్వతములలో మోంట్‌బ్లాంక్ శిఖరమున బడి, అందున్న 117 మందియు మరణించిరి. భాభాగారి వయస్సు అప్పటికి 56 సంవత్సరములు. తల్లి జీవించియుండగనే కుమారుడు గతించెను. మరుసటియేడు ట్రాంబే కేంద్రమునకు వారి పేరు పెట్టబడెను.

విన్నపము

ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసినది ఘనతను బొగడుట మాత్రము కాదు. ఒక తండ్రి కుమారుని అభిరుచిని మన్నించెను. ఒక ధర్మనిధి కంటికి గానరాని ఫలమునకై ధన మిచ్చెను. ఈ రెండును మన చేతిలోనివే. మన సంఘనిధులు వసతిగృహములకును, విద్యార్థి వేతనములకును వినియోగమగుచుండుట సంతోషకరము. కాని ఆ వేతనము వెంటనే యుద్యోగము దొరకు చదువులకే పోవుచున్నది. భౌతికశాస్త్రమో గణితమో చదివెదనను బాలుని చూచి పెద్దలు జాలిపడుచున్నారు. పది వేతనములలో నొకటియైన అట్టివారికై ప్రత్యేకించుట న్యాయమని మేము తలచెదము. బాలికలకు అందు సమానభాగ ముండవలెను.

మఱియొక చిన్నపని యున్నది. అడుగున నల్లని రేకు గల గాజుపెట్టె యొకటి, లోపల పైభాగమున అంటించిన గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు, రేకు క్రింద డ్రై ఐసు, ప్రక్కనుండి టార్చి వెలుగు ఉన్నచో, విద్యుత్కణములు పోయిన దారులు తెల్లని నూలుపోగులవలె కంటికి గనబడును. ఉపాధ్యాయుడు దగ్గఱనుండి, మంటకు దూరముగా, చేతులకు తొడుగులు వేసికొని చేయింపవలెను. ఖర్చు ఒక విందుభోజనమునకు మించదు. కోహీరు పాఠశాలలయందును, చుట్టుపట్ల గ్రామములయందును దీని నొక్కసారి పిల్లలకు చూపుటకు పోషకులెవరైన ముందునకు వత్తురేని, ఆకాశమున ప్రోటానొకటి గాలిని ఢీకొనగా బుట్టినది తమ బల్లమీదుగా బోవుట ఆ బాలబాలికలు స్వయముగా చూతురు. చూచినవారిలో నొక్కరైనను అది యేమని యడుగకపోరు. ఆ ప్రశ్న యడిగిన బిడ్డకు అండగా నిలుచు భారమును సభ్యమహాశయులు వహింతురుగాక యని ప్రార్థించుచున్నాము.